గాలి మార్పుకు వచ్చినవాళ్లు

శనివారం మధ్యాహ్నం దాటిందంటే మదనపల్లె మీదుగా హార్స్లీ కొండకు కార్లు వరస కడతాయి. చాలావరకు కర్ణాటక నంబర్లే. బెంగళూరు నుంచి మదనపల్లె సుమారు 120 కిలోమీటర్లు. వారమంతా ట్రాఫిక్‌లో నలిగిన మనుషులకు మూడు గంటల్లో చల్లటి కొండ దొరుకుతుంటే రాకుండా ఎలా ఉంటారు? ఘాట్ రోడ్డు ఎక్కుతారు, గాలిబండ మీద నిలబడి ఫొటోలు దిగుతారు, ఆదివారం పొద్దు వాలేలోగా వెనక్కి మళ్లుతారు. మధ్యలో మదనపల్లెలో టీ తాగడానికి ఆగినా ఊరు చూడటానికి ఆగేవాళ్లు తక్కువ. అదే నాకు బాధ. ఎందుకంటే ఈ చల్లగాలి కోసం వచ్చిన వాళ్లలో వీళ్లు మొదటివాళ్లు కాదు. వీళ్లకంటే ముందు వచ్చినవాళ్లు ఈ ఊళ్లో చేసి వెళ్లిన పనులు దేశమంతా తలుచుకోవాల్సినవి.

కలికిరి, వాయల్పాడు, మదనపల్లె, పుంగనూరు. పాత చిత్తూరు జిల్లా వాళ్లు వీటన్నిటినీ కలిపి పడమటి మండలాలు అంటారు. సముద్ర మట్టానికి సుమారు రెండు వేల అడుగుల ఎత్తునున్న మెరక నేల ఇది. వాన తక్కువ, జీవనదులు లేవు, చెరువు నిండితేనే పంట. వేరుశనగ, టమాటా నమ్ముకుని బతికే రైతులకు ఈ మెరక ఏం మేలు చేసిందో వాళ్లనే అడగాలి. బయటివాళ్లకు మాత్రం ఒక సుఖం ఇచ్చింది. రాయలసీమలో మిగతా చోట్ల ఎండ మాడ్చేస్తున్న రోజుల్లో కూడా ఇక్కడ సాయంత్రానికి గాలి తిరుగుతుంది. పైగా అది తేమ లేని పొడిగాలి.

ఆ సంగతి ముందుగా కనిపెట్టిన దొర డబ్ల్యూ.డి. హార్స్లీ, కడప కలెక్టరు. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అందులో చేరింది. వేసవిలో కడప వేడికి తాళలేక ఆయన ఈ కొండెక్కి బంగళా కట్టుకున్నారు. నాలుగు వేల అడుగులు దాటిన ఆ కొండకు ఆయన పేరే స్థిరపడిపోయింది. కానీ అంతకుముందే దానికి ఒక పేరుంది: ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల ఈ కొండ మీది చెంచులకు జబ్బు చేస్తే నయం చేసేదని, ఒకనాడు కనిపించకుండా పోయిందని, అప్పటి నుంచి ఆమెను దేవతగా కొలుస్తున్నామని ఇక్కడివాళ్లు చెబుతారు. మల్లమ్మ గుడి ఇప్పటికీ ఉంది. కొండ ఎక్కినవాళ్లు కల్యాణి అని పిలిచే పెద్ద యూకలిప్టస్ చెట్టును, గంగోత్రి చెరువును చూసి, ఆ గుడి దగ్గర కూడా కాసేపు నిలబడితే బాగుంటుంది. కలెక్టరు కంటే ముందు నుంచీ ఈ కొండ ఆమెది.

గుర్రబ్బండి ప్రయాణం పోయి రైలు వచ్చాక ఈ ప్రాంతానికి రాకపోకలు పెరిగాయి. 1890ల్లో వేసిన పాకాల–ధర్మవరం లైను మీద పీలేరు, కలికిరి, వాయల్పాడు వరసగా తగులుతాయి. ఆ తర్వాతది మదనపల్లె రోడ్డు. ఆ స్టేషను ఊళ్లో లేదు, పదిపన్నెండు కిలోమీటర్ల అవతల సీటీఎంలో ఉంది. ఆ సీటీఎం ఏమిటంటే చిన్నతిప్పసముద్రం.

పొడిగాలి విలువ అందరికంటే బాగా తెలిసినవాళ్లు డాక్టర్లు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ కనిపెట్టలేదు. అంతకుముందు క్షయ సోకినవాడికి మందు లేదు. విశ్రాంతి, మంచి తిండి, మంచి గాలి, ఈ మూడే వైద్యం. అందుకే కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో మదనపల్లె దగ్గర క్షయ శానిటోరియం తెరిచాయి. ఆ చోటుకు ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. దాన్ని నిలబెట్టిన డాక్టరు డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమొట్-మొల్లర్. రోగం అంటుకుంటుందని ఇంట్లోవాళ్లే దూరంగా పెట్టిన కాలంలో ఎక్కడెక్కడి నుంచో రోగులు ఇక్కడికి వచ్చి నెలల తరబడి ఉండేవాళ్లు. తర్వాతి రోజుల్లో ఇది పరిశోధన కేంద్రంగా కూడా ఎదిగింది. 1950–55 మధ్య చుట్టుపక్కల పల్లెల్లో చేసిన క్షయ అధ్యయనం ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. క్షయ గురించి ప్రపంచం నేర్చుకున్న పాఠాల్లో మన పడమటి పల్లెల పాలు కూడా ఉందని మన పిల్లలకు ఎందరు చెబుతున్నారు?

అదే 1915లో దివ్యజ్ఞాన సమాజం నాయకురాలు అనీ బిసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను ప్రారంభించారు. ఊరివాళ్లకు అది బీటీ కాలేజీ. ఈ వ్యాసమంతా ఒక్కచోట ఆగిపోవాల్సి వస్తే నేను అక్కడే ఆగుతాను.

ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ 1915లో బిసెంట్ గారి ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేయడానికి మన దేశం వచ్చారు. మరుసటి ఏడాది ఐర్లండ్‌లో బ్రిటిష్ వాళ్ల మీద తిరుగుబాటు జరిగితే దాన్ని మెచ్చుకుంటూ రాశారు. దాంతో పత్రిక ఉద్యోగం పోయింది. బిసెంట్ ఆయన్ను మదనపల్లె కాలేజీకి పంపారు. కొన్నాళ్లకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న మనిషి. ఆడవాళ్లకు ఓటు కావాలని పోరాడి లండన్‌లోనూ ఐర్లండ్‌లోనూ జైలుకు పోయి వచ్చిన ధీర. ఇక్కడికి వచ్చాక కూడా ఊరుకోలేదు. 1917లో భారత మహిళా సంఘాన్ని నెలకొల్పినవాళ్లలో ఆమె ఒకరు.

బిసెంట్ మదరాసు అడయారులో పెట్టిన జాతీయ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూరు. 1919 మొదట్లో ఆయన దక్షిణ దేశమంతా తిరుగుతూ ఊరూరా ఉపన్యాసాలిచ్చి అలసిపోయారు. కజిన్స్ దంపతుల ఆహ్వానం మీద విశ్రాంతికి మదనపల్లె వచ్చారు. విశ్వకవి కూడా గాలి మార్పుకే వచ్చారన్నమాట.

కాలేజీలో వారానికొక సాయంత్రం అందరూ ఒకచోట చేరి పాటలు పాడుకునే అలవాటుండేది. ఠాగూరు కూడా ఆ కూటానికి వచ్చారు. మీరొకటి పాడండి అని కజిన్స్ అడిగితే బెంగాలీలో ఒక పాట ఎత్తుకున్నారు. చరణం చివర జయజయకారం రాగానే తెలుగు, తమిళ, కన్నడ పిల్లలు భాష తెలియకపోయినా గొంతు కలిపారు. ఆ పాట జనగణమన. మార్గరెట్ ఆయన దగ్గర కూర్చుని పాటకు స్వరం రాసుకున్నారు. ఫిబ్రవరి 28న ఠాగూరు పాట మొత్తాన్ని ఇంగ్లిషులోకి తిప్పి సొంత దస్తూరీతో ఒక కాగితం మీద రాశారు. పైన ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అన్న శీర్షిక, కింద సంతకం. మనం బడిలో పాడేది మొదటి చరణమే. ఆ కాగితం మీద అయిదూ ఉన్నాయి. కాలేజీ ఆ పాటను తన ప్రార్థనాగీతం చేసుకుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. జనగణమన పుట్టింది మదనపల్లెలో కాదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో దాన్ని మొదటిసారి పాడారు. మన ఊరి మీది ప్రేమతో లేనిదాన్ని కలపనక్కర్లేదు, ఉన్నదే చాలు. అప్పటిదాకా బెంగాలీలకే బాగా తెలిసిన పాటను బెంగాలీ రానివాళ్లు తమదనుకుని రోజూ పాడుకున్న చోటు ఇది. 1950 జనవరి 24న జాతీయగీతమైంది గానీ, అది దేశమంతటికీ సరిపోతుందని రుజువైంది అంతకు మూడు దశాబ్దాల ముందు, ఈ కాలేజీ పిల్లల గొంతుల్లో. 1937లో ఏది జాతీయగీతం కావాలన్న వాదం రేగినప్పుడు జేమ్స్ కజిన్స్ మదరాసు పత్రికలో జనగణమన పక్షాన రాశారు. పిల్లలు పాడగా విన్నవాడు కాబట్టి అంత గట్టిగా చెప్పగలిగారు.

ఈ ఊరే కన్న బిడ్డ ఒకరున్నారు. 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. తండ్రి నారాయణయ్య సర్కారు ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు. కుటుంబం 1909లో అడయారు చేరడం, సమాజం పెద్దలు ఆ పిల్లవాణ్ణి జగద్గురువును చేయబోవడం, 1929లో ఆయనే ఆ పీఠాన్ని కాదని తన కోసం పెట్టిన సంస్థను రద్దు చేయడం అందరికీ తెలిసిన కథ. ఇక్కడ చూడాల్సింది ఆయన ఎంచుకున్న లోయ. 1920ల్లో మదనపల్లె దగ్గర్లో పెద్ద మర్రిచెట్టున్న ఒక చోటు చూసి, బడికి ఇదే తగిన నేల అనుకున్నారు. రిషీవ్యాలీ అలా మొదలైంది. ఒకప్పుడు రాళ్లగుట్టలు, ముళ్లకంపలుగా ఉన్న ఆ లోయను బడివాళ్లు దశాబ్దాల తరబడి చెట్లు నాటి పచ్చగా చేశారు. చెట్లతో పాటు పక్షులూ వచ్చాయి. కృష్ణమూర్తి దేశదేశాలు తిరిగినా ఇక్కడికి వస్తూనే ఉండేవారు. 1986 ఫిబ్రవరిలో కన్నుమూయడానికి ముందు, 1985 చివర్లో కూడా ఒంట్లో బాగాలేకపోయినా వచ్చి పిల్లలతో మాట్లాడారు.

గాలితో పనిలేని చోట్లు కూడా ఈ చుట్టుపక్కల ఉన్నాయి. కలికిరికి దగ్గర్లోనే గుర్రంకొండ. మైసూరు హైదరలీ, టిప్పుల ఏలుబడిలో ఉన్న ఈ కోటను 1791లో నిజాం, కంపెనీ సైన్యాలు ముట్టడించాయి. కొండ కింద రంగినీ మహలు ఇంకా నిలిచి ఉంది. ఆ పక్కనే తరిగొండ, కవయిత్రి వెంగమాంబ పుట్టిన ఊరు. వాయల్పాడులో పట్టాభిరాముడు, సోంపల్లెలో చెన్నకేశవుడు. సుమారు మూడడుగుల ఎత్తే ఉండే ఆవుతో పుంగనూరు పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. ఇంకా దక్షిణానికి పోతే మూడు రాష్ట్రాలు కలిసే మూల కుప్పం, అక్కడ 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం. చదువు కోసం ఈ సీమకు రావడం కూడా ఆగలేదు, కలికిరిలో 2014లో సైనిక్ స్కూలు తెరిచారు.

హార్స్లీ కొండకు పోయేవాళ్లకు ఒక్క మనవి. ఒక పూట ముందు బయల్దేరండి. బీటీ కాలేజీకి వెళ్లి, అనుమతి అడిగి, ఠాగూరు రాసిన ఆ కాగితం నకలు చూపించమనండి. పిల్లల చేత అయిదు చరణాలూ చదివించండి. రిషీవ్యాలీ పిల్లలు చదువుకునే చోటు కాబట్టి ముందే రాసి ఒప్పుకుంటేనే వెళ్లండి. ఆరోగ్యవరం ఇప్పటికీ ఆసుపత్రే, అక్కడ గొంతు తగ్గించండి. మల్లమ్మ గుడి ఉన్న కొండ మీద ప్లాస్టిక్ సీసాలు పారేయకండి. పర్యాటక శాఖకు కూడా ఒక విన్నపం: కొండ మీది గదులతో పాటు, మదనపల్లె నుంచి ఈ చోట్లన్నీ ఒక రోజులో చూపించే బస్సొకటి వేయండి.