ఐదో అంతస్తు బలం

షికాగో సిటీ హాల్ లాసాల్ వీధిలో ఉంది. మేయర్ గది ఐదో అంతస్తులో, 50 వార్డుల సభ్యులు కూర్చునే కౌన్సిల్ హాలు రెండో అంతస్తులో. ‘ఐదో అంతస్తు ఏమంటోంది?’ అని ఆ ఊళ్లో ఎవరైనా అడిగితే, మేయర్ మనసులో ఏముందని అడుగుతున్నట్టే. చట్టం పుస్తకం తిరగేస్తే మాత్రం కథ వేరుగా ఉంటుంది. కాగితం మీద షికాగోది బలహీన మేయర్, బలమైన కౌన్సిల్ పద్ధతి. పన్నులైనా, బడ్జెట్ అయినా రెండో అంతస్తు చెయ్యెత్తితేనే చెల్లుతాయి. అలాంటి ఊళ్లో, అమెరికా అధ్యక్షులు కూడా ఖాతరు చేయాల్సి వచ్చినంత బలవంతులైన మేయర్లు ఎలా పుట్టారు?

మన జీహెచ్‌ఎంసీలో మేయర్ సభకు పెద్ద, కార్యనిర్వాహక అధికారం మాత్రం ప్రభుత్వం పంపిన కమిషనర్‌ది. షికాగోలో పైనుంచి వచ్చే అధికారి ఉండడు. శాఖల అధిపతులను మేయరే ఎంపిక చేసుకుంటాడు. కానీ ఆ ఒక్క అధికారంతో ఇంత బలం రాలేదు. అసలు బలం గల్లీల్లోంచి వచ్చింది. చట్టం ఇవ్వని పట్టును పార్టీ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి సంపాదించి పెట్టారు. ఆ పట్టుతో మేయర్లు ఊరిని కట్టారు, అదే పట్టుతో ఊళ్లో సగం మందిని తొక్కిపెట్టారు. ఈ రెండూ కలిపి చెప్పకపోతే షికాగో చరిత్ర చెప్పినట్టు కాదు.

1837లో షికాగో నగరమైనప్పుడు జనాభా 4 వేల చిల్లర. తొలి మేయర్ విలియం ఆగ్డెన్ భూముల వ్యాపారి, తర్వాత రైలు మార్గాలు వేయించినవాడు. అప్పట్లో మేయర్ పదవీకాలం ఒక్క ఏడాదే. ఆ కాలపు మేయర్లలో 1855 నాటి లెవీ బూన్‌ను మాత్రం గుర్తుపెట్టుకోవాలి. వలస వచ్చినవాళ్లంటే ఆయనకు గిట్టదు. ఆదివారం సారా దుకాణాలు మూయించాడు, లైసెన్సు రుసుమును 50 డాలర్ల నుంచి 300కు పెంచాడు. జర్మన్లకు ఆదివారం సాయంత్రం నలుగురితో కూర్చుని బీరు తాగడం ఇంటి ఆచారం లాంటిది. వాళ్లు రోడ్డెక్కారు, పోలీసులతో ఘర్షణ జరిగింది. మరుసటి ఏడాది వలసదారులంతా ఓట్లేసి బూన్ వర్గాన్ని దించేశారు. ఈ ఊళ్లో ఓటు ఎవరి చేతుల్లో ఉందో మొదటిసారి తేలింది అప్పుడే.

1871 అక్టోబర్‌లో మహా అగ్నిప్రమాదం. సుమారు 300 మంది చనిపోయారు, లక్ష మంది నిలువనీడ కోల్పోయారు. బూడిద ఇంకా చల్లారకముందే ఎన్నికలొచ్చాయి. ట్రిబ్యూన్ పత్రిక యజమానుల్లో ఒకడైన జోసెఫ్ మెడిల్ ‘ఫైర్‌ప్రూఫ్’ పేరుతో నిలబడి గెలిచాడు. మేయర్‌కు మరిన్ని అధికారాలు కావాలని రాష్ట్ర శాసనసభ దగ్గర పట్టుబట్టి సాధించాడు. కానీ ఊరు ఆయన మాట వినలేదు. 1873లో, పదవీకాలం పూర్తికాకుండానే యూరప్ వెళ్లిపోయాడు. చట్టం ఇచ్చిన అధికారంతో షికాగోను నడపలేమని చెప్పడానికి ఇదే తొలి సాక్ష్యం.

1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన, కొలంబియన్ ఎక్స్‌పొజిషన్, మనకూ చుట్టరికం ఉన్న ఘట్టం. ఆ ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో తన పాశ్చాత్య యాత్ర గురించి ప్రసంగించిన వివేకానందుడు సెప్టెంబర్ 11న ఆ ప్రదర్శనలో భాగంగా జరిగిన సర్వమత సభలో మాట్లాడాడు. అప్పుడు మేయర్ కార్టర్ హ్యారిసన్. ఐదోసారి ఎన్నికైనవాడు. గుర్రమెక్కి వీధులు తిరిగేవాడు, వలసదారుల పేటల్లో ఆయనంటే ప్రాణం. అక్టోబర్ 28న ఎక్స్‌పొజిషన్‌లో ఇతర నగరాల మేయర్ల ముందు ప్రసంగించి ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం ప్రెండర్‌గాస్ట్ అనే యువకుడు ఆయన ఇంటికే వచ్చి కాల్చి చంపాడు. నగర న్యాయవాది పదవి తనకే రావాలని అతడి మతి చెడిన నమ్మకం. రెండు రోజుల తర్వాత జరగాల్సిన ముగింపు సంబరాలు రద్దయ్యాయి. గెలిచినవాడు తనవాళ్లకు ఉద్యోగాలు పంచడమనే ఆచారం ఈ ఊళ్లో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, చివరికి ఒక పిచ్చివాడి ఊహ కూడా ఆ దారిలోనే నడిచింది.

20వ శతాబ్దంలోకి వస్తే ముందు బిగ్ బిల్ థాంప్సన్. ఆల్ కాపోన్ ముఠా రాజ్యమేలిన రోజుల్లో మేయర్. వేదిక మీద ఎలుకలను పంజరంలో పెట్టి, వాటిని ప్రత్యర్థులుగా భావించి తిట్టిపోసిన మనిషి. 1944లో ఆయన పోయాక బ్యాంకు లాకర్లలో 10 లక్షల డాలర్లకు పైగా దొరికాయి. ఇంతకన్నా ఆయన గురించి చెప్పడం దండగ.

ఆయన్ని 1931లో ఓడించిన ఆంటన్ సెర్మాక్ దగ్గర మాత్రం ఆగాలి. బొహీమియాలో పుట్టి, పసితనంలోనే అమెరికా వచ్చి, కుర్రతనంలో బొగ్గు గనుల్లో పనిచేశాడు. తర్వాత షికాగోలో బండి మీద కట్టెలమ్మాడు. ఆ బండినీ, నోరు తిరగని ఆ పేరునూ థాంప్సన్ ఎన్నికల సభల్లో ఎగతాళి చేశాడు. తొలి ఓడలో రాలేదు గానీ రాగలిగిన వెంటనే వచ్చానని సెర్మాక్ బదులిచ్చాడు. ఆ సమాధానంలో ఊరు తనను తాను చూసుకుంది. అప్పటిదాకా డెమొక్రాటిక్ పార్టీ ఐరిష్‌వాళ్ల సొంత ఇల్లు. చెక్‌లు, పోలిష్‌వాళ్లు, యూదులు, జర్మన్లు అందరినీ సెర్మాక్ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా షికాగోలో రిపబ్లికన్ మేయర్ గెలవలేదు. 1933 ఫిబ్రవరి 15న మయామిలో, అధ్యక్షుడిగా ఎన్నికైన రూజ్‌వెల్ట్‌తో మాట్లాడుతుండగా జంగారా అనే వ్యక్తి పేల్చిన తూటా సెర్మాక్‌కు తగిలింది. మార్చి 6న కన్నుమూశాడు. ఆయన కట్టిన యంత్రం మాత్రం నడుస్తూనే వచ్చింది. అక్కడివాళ్లు దాన్ని మెషీన్ అనే పిలుస్తారు.

ఆ రోజుల్లోని మెషీన్‌ను దగ్గరగా చూద్దాం. ఊళ్లో 50 వార్డులు, వాటి కింద మూడు వేలకు పైగా ప్రీసింక్ట్‌లు. ఒక్కోదానికి ఒక కెప్టెన్. మన భాషలో బూత్ ఇన్‌ఛార్జి అనుకోవచ్చు. తన పరిధిలోని ప్రతి ఇంటి గడపా అతడికి తెలుసు. ఎవరింటి ముందు వీధి దీపం పోయిందో, ఎవరి అబ్బాయి పని కోసం తిరుగుతున్నాడో, ఏ ముసలమ్మకు ఆస్పత్రికి తోడు కావాలో అన్నీ చూస్తాడు. పోలింగ్ రోజున తలుపు కొడతాడు. అతడు కూడా మామూలుగా కార్పొరేషన్ ఉద్యోగే. తన ప్రీసింక్ట్‌లో ఓట్లు తగ్గితే తన ఉద్యోగానికి ఎసరు. ఓటరుకు పని, కార్యకర్తకు జీతం, నాయకుడికి ఓట్లు. వేల ఉద్యోగాలు ఈ గొలుసు మీదే నడిచాయి.

1955లో మేయరైన రిచర్డ్ జె. డేలీ ఈ గొలుసు రెండు కొసలూ పట్టుకున్నాడు. షికాగో ఉన్న కుక్ కౌంటీలో పార్టీకి అధ్యక్షుడూ ఆయనే, ఊరికి మేయరూ ఆయనే. బడ్జెట్ తయారీని కౌన్సిల్ నుంచి తన కార్యాలయానికి తెచ్చుకున్నాడు. ఇంటి ముందు కారు దారి వేసుకోవడానికి అనుమతిచ్చే చిన్న అధికారాన్ని కూడా వార్డు సభ్యుల చేతిలో ఉంచలేదు. రెండో అంతస్తు చేతులెత్తే చోటుగా మిగిలింది. ఆయన మాత్రం కసాయి మార్కెట్ పక్కన, తాను పుట్టిన బ్రిడ్జ్‌పోర్ట్ పేటలో చిన్న ఇటుక ఇంట్లోనే చివరిదాకా ఉన్నాడు, ప్రతి ఉదయం చర్చికి వెళ్లాడు. ఓహేర్ విమానాశ్రయం, ఎక్స్‌ప్రెస్ రోడ్లు, ఆకాశహర్మ్యాలు, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం షికాగో క్యాంపస్ ఆయన హయాంలోవే.

అదే హయాంలో స్టేట్ స్ట్రీట్ పొడవునా రాబర్ట్ టేలర్ హోమ్స్ అనే ప్రభుత్వ ఇళ్ల సముదాయం లేచింది. 16 అంతస్తుల భవనాలు 28, దాదాపు అన్నిటా పేద నల్లజాతి కుటుంబాలే. పక్కన డాన్ రయన్ ఎక్స్‌ప్రెస్‌వే ఒక గోడలా నిలిచింది. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ వెస్ట్ సైడ్‌లో అద్దెకు దిగి, ఇళ్ల వివక్షకు వ్యతిరేకంగా ఊరేగింపులు తీశాడు. డిమాండ్ల పత్రాన్ని సిటీ హాల్ తలుపుకు అంటించాడు. మార్క్వెట్ పార్కులో ఆయన తలకు రాయి తగిలింది. రెండేళ్లకు కింగ్ హత్య జరిగి వెస్ట్ సైడ్ తగలబడినప్పుడు, నిప్పంటించేవాళ్లను కాల్చి చంపాలన్నాడు డేలీ. ఆ ఆగస్టులో డెమొక్రాటిక్ మహాసభ బయట యువకులను పోలీసులు చితకబాదడం దేశమంతా టీవీలో చూసింది. రోడ్లు వేశాడు కాబట్టి ఇది మన్నించదగినదని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను ఆ మాట ఒప్పుకోలేను. ఓట్లు తీసుకుని గోడలు కట్టడం పాలన కాదు.

1976 డిసెంబర్‌లో డేలీ చనిపోయాడు. వారసుడు మైకెల్ బిలాండిక్‌ను మంచు ముంచేసింది. 1979 జనవరిలో రెండు రోజుల్లోనే 20 అంగుళాల మంచు కురిసి వీధులు పూడుకుపోయాయి. పట్టాలెక్కిన రైళ్లు కూడా నల్లజాతి పేటల స్టేషన్లలో ఆగకుండా పోయాయి. చలిలో ప్లాట్‌ఫారం మీద నిలబడి, రైలు తమను దాటిపోవడం చూసినవాళ్లు ఫిబ్రవరిలో, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో లెక్క తేల్చారు. బిలాండిక్ ఉద్యోగం నుంచి తీసేసిన జేన్ బర్న్ ఆయన్నే ఓడించి తొలి మహిళా మేయర్ అయింది.

1983లో హెరాల్డ్ వాషింగ్టన్ వచ్చాడు. ఆయన తండ్రి ఈ మెషీన్‌లోనే ప్రీసింక్ట్ కెప్టెన్. లోపలి మరలన్నీ ఎరిగిన కొడుకు దానికి ఎదురు తిరిగాడు. అంతకుముందు ఏడాది నల్లజాతి పేటల్లో లక్షకు పైగా కొత్త ఓట్లు నమోదయ్యాయి. సూర్యకిరణాల బొమ్మతో నీలం బ్యాడ్జీలు సౌత్ సైడ్‌లో కోట్లమీదా, టోపీలమీదా కనిపించాయి. ప్రైమరీలో బర్న్, డేలీ కొడుకు రిచర్డ్ ఎం. డేలీ తెల్లవాళ్ల ఓట్లు చీల్చుకోగా వాషింగ్టన్ గెలిచాడు. అప్పట్లో డెమొక్రాట్ ప్రైమరీ గెలిస్తే మేయర్ కుర్చీ ఎక్కినట్టే. ఆ ఒక్కసారి మాత్రం కాలేదు. వార్డు నాయకులు కొందరు రాత్రికి రాత్రి రిపబ్లికన్ బెర్నార్డ్ ఎప్టన్ వైపు తిరిగారు. ‘ఆలస్యం కాకముందే’ అని ప్రచారం సాగింది. సెయింట్ పాస్కల్ చర్చి దగ్గర వాషింగ్టన్‌ను జనం దూషించి వెళ్లగొట్టారు. ఏప్రిల్ 12న ఆయన 52 శాతం దగ్గర ఓట్లతో గట్టెక్కాడు.

అప్పుడు గానీ చట్టం పుస్తకంలోని మాటకు ప్రాణం రాలేదు. ఎడ్ వ్రొడోల్యాక్ నాయకత్వంలో 29 మంది సభ్యులు ఒక్కటై కమిటీలన్నీ చేజిక్కించుకున్నారు, మేయర్ నియామకాలను ఆపేశారు. మేయర్ పక్షాన 21 మందే. వీటో మాత్రం ఆయన చేతిలో ఉంది, దాన్ని రద్దు చేసే బలం వాళ్లకు లేదు. మూడేళ్లు ఊరు ఈ పోరులోనే గడిచింది. ‘కౌన్సిల్ వార్స్’ అన్నారు దాన్ని. డేలీ కాలంలో ఒక్క మాట పెగలని కౌన్సిల్‌కు, ఐదో అంతస్తులో నల్లజాతి మనిషి కూర్చోగానే తన హక్కులు గుర్తుకొచ్చాయి. వార్డుల హద్దుల మీద కోర్టుకెళ్లి, 1986లో ఏడు వార్డుల్లో మళ్లీ ఎన్నికలు జరిగాకే బలం 25–25 అయింది. మేయర్ ఓటుతో పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. పార్టీ చూసి ఉద్యోగమిచ్చే ఆచారానికి కళ్లెం వేసే షాక్‌మన్ ఒప్పందం మీద అప్పటికే సంతకం చేశాడు. 1987లో రెండోసారి గెలిచిన ఆయన, నవంబర్ 25న ఐదో అంతస్తులో తన బల్ల మీదే కుప్పకూలి చనిపోయాడు. వయసు 65. చేతికొచ్చిన అధికారంతో పనిచేయడానికి ఆయనకు దొరికింది ఏడాదిన్నరే. ఆ లోటు షికాగోకు ఇప్పటికీ తీరలేదని నా నమ్మకం.

1989 నుంచి 22 ఏళ్లు డేలీ కొడుకు పాలించాడు, తండ్రికన్నా ఎక్కువ కాలం. మిలీనియం పార్కు ఆయనదే. 2008లో పార్కింగ్ మీటర్లను 115 కోట్ల డాలర్లకు 75 ఏళ్లపాటు ప్రైవేటుకు లీజుకిచ్చిందీ ఆయనే. కొద్ది రోజుల్లోనే కౌన్సిల్ 40–5 ఓట్లతో తలూపింది. ఊరికి దాదాపు వంద కోట్ల డాలర్లు తక్కువ వచ్చాయని నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ మరుసటి ఏడాది తేల్చాడు.

మధ్యలో ఎన్నికల పద్ధతీ మారింది. పార్టీల ప్రైమరీలు తీసేసి, సగానికి మించి ఓట్లు రాకపోతే మళ్లీ పోటీ పెట్టాలని రాష్ట్ర శాసనసభ 1995లో చట్టం చేసింది. వాషింగ్టన్ గెలిచిన దారి మూసేయడానికే ఇది అని నల్లజాతి నాయకులు చాలామంది అన్నారు. 2019లో అదే పద్ధతిలో చివరి పోటీకి మిగిలినవాళ్లిద్దరూ నల్లజాతి మహిళలే. లోరీ లైట్‌ఫుట్ 50 వార్డులూ గెలిచింది. 2023లో తొలి రౌండ్‌లోనే ఓడిపోయింది. ఉపాధ్యాయ సంఘంలో పనిచేసిన బ్రాండన్ జాన్సన్ ఆ కుర్చీ ఎక్కాడు.

ఇప్పుడు గల్లీలో తలుపు కొట్టే కెప్టెన్ల సేన లేదు. 2024 నవంబర్‌లో ఆస్తిపన్ను 30 కోట్ల డాలర్లు పెంచాలని జాన్సన్ ప్రతిపాదించాడు. సొంత వర్గం సభ్యులతో సహా రెండో అంతస్తు దాన్ని 50–0తో తోసిపుచ్చింది. నెల తర్వాత, ఆ పెంపు లేకుండా సవరించిన బడ్జెట్ 27–23 ఓట్లతో గట్టెక్కింది.