ప్రయారిటీ ప్లీజ్

1990 జనవరి 25 రాత్రి తొమ్మిదిన్నర దాటాక, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో, కోవ్ నెక్ అనే చోట ఒక బోయింగ్ 707 చెట్ల మధ్య కొండవాలు మీద పడింది. అందులో 158 మంది ఉన్నారు. 73 మంది చనిపోయారు. మంటలు మాత్రం లేవలేదు. మండటానికి ట్యాంకుల్లో ఏమీ మిగల్లేదు మరి.

అది కొలంబియా వాళ్ళ ఆవియాంకా 52. బొగొతాలో బయల్దేరి మెడెయిన్ మీదుగా కెనెడీ ఎయిర్‌పోర్టుకి రావాలి. ఆ రాత్రి న్యూయార్క్‌లో వాతావరణం బాలేదు, విమానాలన్నీ ఆలస్యం. దీన్ని మూడు చోట్ల గాల్లోనే చక్కర్లు కొట్టించారు, మొత్తం 77 నిమిషాలు. మూడోసారి కూడా ఇంకా ఆగాలనేసరికి, రేడియోలో మాట్లాడుతున్న ఫస్ట్ ఆఫీసర్ "మాకు ప్రయారిటీ కావాలనుకుంటున్నాం" అన్నాడు. ఎంతసేపు ఆగగలరని అడిగితే అయిదు నిమిషాలన్నాడు. కెనెడీలో కుదరకపోతే వెళ్ళాల్సింది బోస్టన్. ఇప్పుడు అక్కడికీ వెళ్ళలేం, ఇంధనం అయిపోతుందన్నాడు.

ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ బోస్టన్ వెళ్ళలేమన్న ముక్క, ఆ విమానాన్ని తర్వాతి కేంద్రానికి అప్పగించే కంట్రోలర్ చెవిన పడలేదు. ఆయన అందించిన కబురల్లా ఇంతే: ఇంకో అయిదు నిమిషాలే ఆగగలడట, తీసుకుంటారా, ప్రత్యామ్నాయ ఎయిర్‌పోర్టుకి పంపెయ్యనా? వాళ్ళు తీసుకున్నారు. అందరితో పాటు వరసలో పెట్టారు. పైన కాక్‌పిట్‌లో ఏమో, మన సంగతి వాళ్ళకి తెలుసు, మనకి ప్రయారిటీ ఇస్తున్నారు అని స్పానిష్‌లో చెప్పుకుంటున్నారు. ఎవరూ అబద్ధం ఆడలేదు.

మొదటి ప్రయత్నంలో గాలి అడ్డం తిరిగింది, రన్‌వే కనపడలేదు, మళ్ళీ పైకి లేచారు. మనం ఎమర్జెన్సీలో ఉన్నామని చెప్పు, అన్నాడు కెప్టెన్. ఫస్ట్ ఆఫీసర్ రేడియోలో అన్నది వేరు: తిరగమన్న దిక్కుని ఒప్పజెప్పి, మళ్ళీ ప్రయత్నిస్తామని చెప్పి, చివర్లో ఇంధనం అయిపోతోందని కలిపాడు. చెప్పావా అని కెప్టెన్ అడిగితే, చెప్పాను సార్ అన్నాడు. కాసేపటికి కంట్రోలర్, మిమ్మల్ని 15 మైళ్ళు ఈశాన్యంగా తీసుకెళ్ళి వెనక్కి తిప్పుతాను, మీకూ మీ ఇంధనానికీ పర్లేదా అని అడిగాడు. పర్లేదనుకుంటా, థాంక్యూ వెరీ మచ్, అన్నాడు ఫస్ట్ ఆఫీసర్.

మాల్కమ్ గ్లాడ్‌వెల్ 'ఔట్‌లయర్స్' చదివినవాళ్ళకి ఈ కథ గుర్తుండే ఉంటుంది. పెద్దవాళ్ళ ముందు గొంతు తగ్గించే సంస్కృతి నుంచి వచ్చినవాడు, గద్దించే న్యూయార్క్ కంట్రోలర్లకి గట్టిగా చెప్పలేకపోయాడు అన్నది ఆయన వివరణ. చదువుతుంటే నిజమే అనిపిస్తుంది. ఆస్పత్రి కౌంటర్ దగ్గర ప్రాణం మీదకొచ్చినా "కొంచెం చూడండి సార్" అనే మనకి మరీనూ. కానీ నాకది సగమే నచ్చింది. ఎందుకంటే 'ప్రయారిటీ' అనే మాట ఆ కుర్చీలో కూర్చుని అతను మొహమాటంతో వెతుక్కున్నది కాకపోవచ్చు. ఇంధనం బాగా తగ్గినప్పుడు కంట్రోలర్లని 'ప్రయారిటీ' అడగాలని బోయింగ్ వాళ్ళ బులెటిన్‌లోనే ఉంది. ఆ శిక్షణ వల్ల ప్రయారిటీ అన్నా ఎమర్జెన్సీ అన్నా ఒకటే అన్న అభిప్రాయం పైలట్లకి కలిగిందని విచారణలో ఆవియాంకా కెప్టెన్ ఒకరు చెప్పారు. అంటే అమెరికన్ కంపెనీ రాసిన ఇంగ్లీషు మాటనే అతను అమెరికన్ కంట్రోలర్‌కి అప్పజెప్పాడు. ఆ కంట్రోలర్ల లెక్కలో మాత్రం అన్నిటినీ పక్కకి జరిపించే మాటలు వేరే: మేడే, పాన్-పాన్, ఎమర్జెన్సీ. విమానం ఖాళీ చెయ్యగలిగే మాట ఏదో పైలట్‌కి ఒక పుస్తకం చెప్పింది, కంట్రోలర్‌కి ఇంకో పుస్తకం చెప్పింది. దీన్ని కొలంబియా సంస్కృతి ఖాతాలో వెయ్యడం చాలా తేలిక.

అమెరికా రవాణా భద్రతా బోర్డు ప్రధాన తప్పు సిబ్బందిదే అంది: ఇంధనాన్ని సరిగ్గా చూసుకోలేదు, అయిపోకముందే ఎమర్జెన్సీ అని చెప్పలేదు. నిజమే, కెప్టెన్ అంత స్పష్టంగా చెప్పమన్నాక కూడా ఆ మాట రేడియో దాకా రాలేదు. అయితే ఇంధనం తక్కువైందని చెప్పడానికి ఇద్దరికీ ఒకేలా అర్థమయ్యే పదాలు లేకపోవడాన్నీ ఆ నివేదిక కారణాల్లో చేర్చింది. ఆ పదాలు అంతర్జాతీయ నిబంధనల్లోకి ఎక్కడానికి 2012 దాకా పట్టింది. ఇప్పుడు 'మినిమమ్ ఫ్యూయల్' అంటే ఇంకా ఆలస్యం చేస్తే కష్టం అని. 'మేడే' మూడుసార్లు అని 'ఫ్యూయల్' అంటే ఎమర్జెన్సీ.

ఆ రాత్రి చివరి నిమిషాల్లో ఇంజన్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోవడం మొదలైంది. ఫస్ట్ ఆఫీసర్ రేడియోలో అన్నాడు: రెండు ఇంజన్లు పోయాయి, మాకు ప్రయారిటీ కావాలి, ప్లీజ్. కంట్రోలర్ దిక్కు చెప్పాడు. ఇంకాసేపటికి, ఎయిర్‌పోర్టు దాకా రావడానికి సరిపడా ఇంధనం ఉందా అని అడిగాడు. జవాబు రాలేదు.