మడత పనిబల్ల: బరువు నుంచి విముక్తి

వడ్రంగి పనిబల్ల చరిత్రలో చాలాకాలం బరువే ప్రధాన గుణం. చిత్రిక పడుతున్నప్పుడు బల్ల కదలకూడదు కదా! 18వ శతాబ్దపు ఫ్రెంచి వడ్రంగి ఆంద్రే రూబో తన గ్రంథంలో వర్ణించిన బల్లకు మందపాటి పలక, లావుపాటి కాళ్లు ఉంటాయి. కార్ఖానాకు అది తగినదే. చిన్న ఇంట్లో సొంతంగా అల్మరా చేసుకునేవారికి దాన్ని పెట్టే చోటే ఉండదు.

ఈ చిక్కు 1961లో రాన్ హిక్‌మన్‌కు ఎదురైంది. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆయన ఇంగ్లండులో లోటస్ కార్ల సంస్థ డిజైనర్. బీరువా తయారుచేస్తూ కుర్చీనే బల్లగా వాడి, చెక్కతోపాటు కుర్చీనీ కోసేశాడు. తరవాత ఆయన రూపొందించిన బల్ల నిర్మాణాన్ని విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. పైభాగం రెండు పలకలు. మరలు తిప్పితే అవి దగ్గరై చెక్కను బిగిస్తాయి. అంటే బల్లే వైస్ అయింది. రెండు చివరల మరలు విడివిడిగా తిరుగుతాయి కాబట్టి ఏటవాలు చెక్కనూ పట్టుకుంటుంది. కింది మెట్టు మీద కాలు మోపితే పనివాడి బరువే బల్లను నిలుపుతుంది. రూబో బల్లలో ఆ పని దుంగది. పని ముగిశాక దీన్ని మడిచి గోడకు ఆనించవచ్చు.

పనిముట్ల సంస్థలు మొదట దీన్ని తిరస్కరించాయి. కొనేవాడంటే వృత్తి వడ్రంగేనని అవి భావించి ఉంటాయని, ఇంటి యజమాని వాటి లెక్కలోకి రాలేదని నా అభిప్రాయం. 1968 నుంచి హిక్‌మన్ స్వయంగా అమ్మసాగాడు. ముందు కాదన్న బ్లాక్ అండ్ డెక్కర్ 1972లో అంగీకరించింది. 1981 నాటికి కోటి ‘వర్క్‌మేట్’ బల్లలు అమ్ముడయ్యాయి.