ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఆ 52 రోజులు

సినిమా హాళ్ల వల్ల హైదరాబాద్‌లోని మా ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అందరికీ తెలుసు. కూడలికి ఆ పేరు మాత్రం ముషీరాబాద్ వైపున్న ఆర్టీసీ ఆఫీసులు, డిపోల వల్ల వచ్చింది. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన రోడ్డు రవాణా సంస్థే ఈ ఆర్టీసీ. ఈ పేట చరిత్ర రాసేటప్పుడు 2019 ఆర్టీసీ కార్మికుల సమ్మెను వదిలేస్తే ఆ చరిత్ర అసంపూర్ణం.

ఆ ఏడాది దసరాకు మూడు రోజుల ముందు, అక్టోబర్ 5న, కార్మికులు సమ్మెకు దిగారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ప్రధాన డిమాండు. ఆ రోజు సాయంత్రం 6 గంటల్లోగా డ్యూటీలో చేరనివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టేనని ప్రభుత్వం తేల్చేసింది. ఆ 'సెల్ఫ్ డిస్మిస్' మాట సుమారు 48 వేల కుటుంబాల మీద పడింది. సెప్టెంబర్ జీతం కూడా ఆగిపోయింది. ఒక్క కండక్టర్ని తీసేయాలన్నా ఛార్జిషీటు ఇచ్చి, సంజాయిషీ అడిగి, విచారణ జరపాలి. వేల మందికి ఆ పద్ధతి అక్కర్లేదా అన్నదే మా వీధుల్లో అందరి ప్రశ్న.

వ్యవహారం హైకోర్టుకెక్కింది. చర్చలు జరపమని కోర్టు పదేపదే చెప్పింది. సమ్మె చట్టవిరుద్ధమని తానుగా ప్రకటించకుండా, ఆ సంగతి కార్మిక శాఖ చూడాలంది. ఈలోగా కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. నవంబర్ 5 అర్ధరాత్రి దాకా ప్రభుత్వం మరో గడువు పెట్టినా చేరినవాళ్లు కొద్దిమందే.

నవంబర్ 25న కార్మిక సంఘాల జేఏసీ సమ్మె విరమించింది. వెంటనే చేర్చుకోలేమని యాజమాన్యం అంది. మర్నాడు డిపోలకు వెళ్లినవాళ్లను పోలీసులు అడ్డుకున్నారు. చివరికి 28న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, షరతుల్లేకుండా అందరూ చేరవచ్చన్నారు. డిసెంబర్ 1న తన అధికార నివాసం ప్రగతి భవన్‌లో కార్మికులతో భోజనం చేసి, సమ్మె కాలానికీ జీతం ఇస్తామని, రిటైర్మెంట్ వయసు 60కి పెంచుతామని ప్రకటించారు. అయితే కార్మిక సంఘాల స్థానంలో సంక్షేమ మండళ్లు వచ్చాయి, చార్జీలు పెరిగాయి, విలీనం ఊసు లేదు. విలీనం బిల్లు శాసనసభలో నెగ్గింది 2023 ఆగస్టులో.

దీన్ని గెలుపనీ ఓటమనీ ఒక్క మాటలో తేల్చలేం. తీసేశామన్న ఉద్యోగాలు నిలిచాయి, పోయిన ప్రాణాలు రాలేదు. ఉద్యోగం ఇచ్చిన చేయి దాన్ని నోటిమాటతో లాక్కోకూడదు. ఈ కూడలి పేరు తలచినప్పుడల్లా ఆ పేరు తెచ్చిన కార్మికులకు మనం బాకీ ఉన్న న్యాయం అది.