సెట్ మీద ఇంగ్లీషు

1990లో గిద్దలూరు నుంచి వెళ్ళి సిగ్నల్స్‌లో చేరేనాటికి నాది తెలుగు మీడియం ఇంటర్. ఇంగ్లీషు చదవగలను గాని నోరు తిరగదు. ట్రైనింగ్‌లో 'ఎమ్'ని యమ్, 'ఎన్'ని యన్ అంటున్నానని ఒక ఉస్తాద్ నన్ను అందరి ముందు నిలబెట్టి, పదే పదే అనిపించి నవ్వించాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు సెట్ ముందు కూర్చుంటే చాలు, గొంతు పట్టేసేది.

ర్యాంకు పెరిగి నేనే కుర్రాళ్ళకి నేర్పాల్సి వచ్చినప్పుడు, మనం రోజూ అనే ఆల్ఫా, బ్రావో ఎక్కడివా అని వెతికాను. అవి ఎవరో ఊసుపోక పెట్టిన పేర్లు కావు. ఐకావో అనే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తరఫున, మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పే జాఁ-పోల్ వినే పూనుకుని చేసిన పని. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ మూడింటిలోనూ చెల్లే మాటలు కావాలి. 1951లో మొదటి జాబితా వచ్చింది. అందులో ఎమ్‌కి మెట్రో, ఎన్‌కి నెక్టర్, సి‌కి కోకా. వాడి చూస్తే కొన్ని కుదరలేదు. 31 దేశాల వాళ్ళతో పరీక్షలు పెట్టి, అయిదు మాటలు మార్చి, 1956 మార్చి 1 నుంచి ఇప్పటి పట్టిక అమలు చేశారు. మైక్, నవంబర్ అప్పుడు వచ్చినవే.

ఆ పరీక్షల్లో తేలిన సంగతొకటి చూడండి. విడిగా పలికితే 'ఫుట్‌బాల్' ఎక్కువమందికి అందుతుంది. మాటల వరుసలో వస్తే మాత్రం 'ఫాక్స్‌ట్రాట్'దే పైచేయి. కుర్చీలో కూర్చుని ఊహిస్తే ఇది తెలిసేదా? ఫ్రెంచివాడు చివరి 'టి' మింగేస్తాడని జూలియెట్‌కి రెండు 'టి'లు పెట్టారు. ఇంగ్లీషువాడైనా సరే 3ని 'ట్రీ' అనాలట! ఉస్తాద్ గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అక్షరాలు, అంకెలతో పని అయిపోదు. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజక్ విమానాలు ఢీకొని 349 మంది పోయారు. కజక్ విమానం తనకిచ్చిన 15,000 అడుగుల కంటే కిందికి దిగింది. దాని సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాకపోవడం కూడా విచారణలో బయటపడింది. ఐకావో 2003లో భాషా నిబంధనలు తెచ్చి 2008 మార్చి నుంచి అమలు పెట్టింది. అంతర్జాతీయ విమానాల పైలట్లు, కంట్రోలర్లు ఆరు మెట్లలో కనీసం నాలుగోది అందుకోవాలి. ఆ మెట్టులో సొంత భాష యాస ఉంటే తప్పు లేదు, వినేవాడికి అప్పుడప్పుడు తప్ప అడ్డం రాకుంటే చాలు.

చదువుకున్నవాళ్ళు ఇలాంటిదాన్ని ప్రత్యేక అవసరాల ఇంగ్లీషు అంటారు. నా క్లాసులో నేను గ్రామర్ పుస్తకం పక్కనబెట్టి, వారం రోజులు రాత్రి డ్యూటీలో కుర్రాళ్ళు సెట్ మీద నిజంగా ఏమంటున్నారో రాసుకున్నాను. వినబడకపోతే 'రిపీట్' అంటున్నారు. ఫిరంగుల నెట్‌లో రిపీట్ అంటే అదే చోట మళ్ళీ కాల్చమని! అందుకని 'సే అగైన్' మొదటి పాఠం చేశాను.

ఆ బ్యాచిలో శ్రీకాకుళం కుర్రాడొకడు అచ్చం నాలాగే 'యమ్' అనేవాడు. కూర్చోబెట్టే మైక్ అనిపించాను.