న్యూక్రాస్‌లో నాలుగు చుట్లు

ముందు వరుసలో నిలబడకండి. మోటారు సైకిళ్లు మలుపు తిరిగిన ప్రతిసారీ వెనక చక్రాల కింద నుంచి లేచే నల్లటి రవ్వ, మధ్యలో ఉన్న కుక్కల పందేల దారిని కూడా దాటుకుని వచ్చి మొహాన కొడుతుంది. అలవాటైనవాళ్లు ప్రోగ్రాం పుస్తకం అడ్డం పెట్టుకుంటారు. మీరు నాలుగు మెట్లు పైకెక్కి కమ్మీ పట్టుకోండి. ఇక్కణ్నుంచి ట్రాక్ అంతా కనిపిస్తుంది. అంతా అంటే పెద్దగా ఏం లేదు, ఒక చుట్టు 262 గజాలు. ఇంత ఇరుకు కాబట్టే జనం దీనికి ముద్దుగా ‘ఫ్రయింగ్ పాన్’ అని పేరు పెట్టుకున్నారు.

ఇది లండన్‌లో ఓల్డ్ కెంట్ రోడ్డుకు దగ్గర్లో ఉన్న న్యూక్రాస్ స్టేడియం. 1930లు చివరికొచ్చాయి. బుధవారం సాయంత్రం. మీ చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది పొద్దుటి నుంచి ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసి, ఇంటికెళ్లి మొహం కడుక్కుని, మళ్లీ ఇక్కడికి నిలబడటానికి వచ్చినవాళ్లే. ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. తమ జట్టు రంగుల మఫ్లర్లు మెడకు చుట్టుకున్నారు. పిల్లల చేతుల్లో గిలకలు. చెట్టంత మనుషులు కూడా సిగ్గుపడకుండా గిలకలు తిప్పుతున్నారు. మెట్ల మీద చీకటి, ట్రాక్ మీద మాత్రం వరసగా దీపాలు.

ఈ మోటారు సైకిళ్ల పందెం పేరు స్పీడ్‌వే. ఆట వయసు పదిహేనేళ్లకు అటూ ఇటూ. ఆస్ట్రేలియాలో, వెస్ట్ మెయిట్‌లాండ్‌లో, 1923లో మొదలైందని చెబుతారు. అక్కణ్నుంచి 1928 ఫిబ్రవరి 19న లండన్ శివార్లలోని హై బీచ్‌కు వచ్చింది. ఆ రోజు అనుకున్నదానికన్నా ఎన్నోరెట్లు జనం విరగబడ్డారు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి వెంబ్లీలో ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టేశారు. ఆస్ట్రేలియా వాడైన లయొనెల్ వాన్ ప్రాగ్ గెలిచాడు.

ఒకసారి గాలి పీల్చి చూడండి. పెట్రోలు వాసన కాదు, ఈ బండ్లలో పోసేది మెథనాల్. దాని వెనక నుంచి చిక్కగా, కొంచెం తియ్యగా, కొంచెం చేదుగా వచ్చే పొగ ఉంది చూశారా, అది ఆముదం. ఇంజను ఎంత కాగినా పలచబడకుండా పట్టి ఉంటుందని రేసు బండ్లకు ఆముదంతో చేసిన నూనె పోస్తారు. ఆముదం దీపం ఎరిగిన ఇంటి నుంచి వచ్చినవాళ్లకు ఈ వాసన ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. ఆ రోజుల్లో నిజాం రాజ్యపు మెట్ట చేలల్లో పండిన ఆముదపు గింజలు ఓడలెక్కి సీమకు వెళ్లేవి. ఇంత దూరంలో ఈ పొగ మధ్య ఆ సంగతి గుర్తొస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

గేటు దగ్గరికి నలుగురు వస్తున్నారు. నల్లటి తోలు దుస్తులు, మీద జట్టు గుర్తు. బండి వంక చూడండి. 500 సీసీ, ఒకటే సిలిండర్, టాటెన్‌హామ్‌లోని జె.ఎ. ప్రెస్ట్‌విచ్ కార్ఖానాలో తయారైన ఇంజను. మార్చుకోవడానికి గేర్లు లేవు. బ్రేకులు అసలే లేవు, ముందూ లేవు, వెనకా లేవు. రైడర్ ఎడమ బూటు కింద ఇనప తొడుగు ఉంది. బూటు అడుగు కొలతకు వంచిన రేకు, పైన తోలు పట్టీతో బిగించి కట్టి ఉంటుంది. బొటనవేలి వైపు అరిగి అరిగి అద్దంలా మెరుస్తోంది. మలుపులో అతను ఆనుకునేది ఆ ఒక్క పాదం మీదే. వారం వారం అరుగుతుంటే వారం వారం మళ్లీ అతుకు వేయించుకుంటాడు.

అడ్డంగా కట్టిన టేపులు పైకి ఎగిరాయి. నాలుగు ఇంజన్లు ఒక్కసారి అరిచాయి. ఆ చప్పుడు చెవికన్నా ముందు కమ్మీ పట్టుకున్న మీ చేతికి తెలుస్తుంది. నలుగురూ మొదటి మలుపులో ఒకేచోట దూరాలని చూస్తున్నారు. ఉన్న చోటేమో ఇద్దరికే సరిపోతుంది. ఎడమకు తిరగాల్సినవాడు ముందు చక్రాన్ని కుడికి తిప్పాడు, యాక్సిలరేటర్ తగ్గించకపోగా ఇంకా పెంచాడు. వెనక చక్రం పట్టు తప్పి బయటికి జారిపోతోంది, ఆ జారడంతోనే బండి తిరుగుతోంది. ఇదంతా కావాలని చేసేదే. జారుడు ఎక్కువైతే పడతాడు, తక్కువైతే బయటి కంచెకు గుద్దుకుంటాడు. ఆ రెండింటికీ మధ్య ఉన్న సందు ఎంతో అతని మోకాలికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నాలుగు చుట్లు, నిమిషం పైచిలుకు. గెలిచినవాడికి 3 పాయింట్లు, తర్వాతి వాళ్లకు 2, 1, చివరివాడికి సున్నా. మీరు ఊపిరి వదిలేలోపే తర్వాతి నలుగురు వచ్చేస్తారు.

కళ్లద్దాలు తీసిన ఆ కుర్రాణ్ని చూడండి. కళ్ల చుట్టూ రెండు తెల్లటి గుండ్రాలు, మిగతా మొహమంతా మసి. పేరు బిల్ ఫాక్స్, జట్టు కోబ్రాస్. నిజానికి అతను నటుడు డిర్క్ బోగార్డ్. మీరు నిలబడింది జాక్ లీ 1948లో తీసిన ‘వన్స్ ఎ జాలీ స్వాగ్‌మన్’ సినిమాలో. మాంటెగ్యూ స్లేటర్ నవల దీనికి మూలం. లీ యుద్ధకాలంలో క్రౌన్ ఫిల్మ్ యూనిట్‌లో డాక్యుమెంటరీలు తీసినవాడు. ఛాయాగ్రాహకుడు చిక్ ఫౌల్ కూడా ఆ బడిలోనే పెరిగాడు, ‘నైట్ మెయిల్’ డాక్యుమెంటరీకి కెమెరా పట్టిన ఇద్దరిలో ఒకడు. అందుకే ఇక్కడి మసి మేకప్ మసిలా ఉండదు. ఆటల సినిమాలు చాలా చూశాం. ఆటగాణ్ని కూలి చేసుకుని బతికేవాడిగా చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను దీన్ని నెత్తిన పెట్టుకునేది అందుకే.

బిల్ మొన్నటిదాకా ఫ్యాక్టరీలో పనిచేసిన కుర్రాడు. ఆ విసుగు నుంచి తప్పించుకోవడానికి దొరికిన దారి ఈ బండి. ఇంట్లో అమ్మ, నాన్న. ఆ అమ్మ పాత్రలో థోరా హర్డ్‌ను చూడండి, కాలు కింద పెట్టకుండా పని చేసుకునే కార్మిక వాడ తల్లి. చేతికి డబ్బు వస్తుంది, పేపర్లో పేరు వస్తుంది, ఇదివరకు తనవైపు చూడని గొప్పింటి అమ్మాయిలు పక్కన కూర్చుంటారు. పక్క బండి మీద బోనార్ కొలియానో, ఎప్పుడూ నోట్లో మాట సిద్ధంగా ఉండే టామీ పోసీ. ఈ కొలియానో 1958లో, ముప్పై నాలుగో ఏట, నిజంగానే కారు ప్రమాదంలో పోయాడు. అది తెలిశాక తెర మీద అతని నవ్వు చూడటం కష్టమే.

ఇక లాగ్. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పాత కాపు, లాగ్ గిబ్బన్. బిల్ ఓవెన్ వేశాడు. చాలా ఏళ్ల తర్వాత టీవీ సీరియల్‌లో కాంపో అనే పాత్రతో బ్రిటన్ ఇంటింటికీ దగ్గరైన నటుడు ఇతనే. లాగ్ మీకు మొదట్లో పెద్దగా ఆనడు. కుర్రాళ్ల మధ్య కాస్త వయసు పైబడ్డ మనిషి, అంతే. అతను పడతాడు. తలకు దెబ్బ తగులుతుంది. మళ్లీ పాత లాగ్ కాడు.

స్టేడియంలో ఆ నిమిషం ఎలా ఉంటుందో మీరే వినండి. ముందు చప్పుడు ఆగదు, ఇంకా తిరుగుతున్న ఇంజను ఒకటి నేలమీద పడి ఒంటరిగా రొద పెడుతూ ఉంటుంది. ఎవరో పరుగెత్తి దాన్ని ఆపుతారు. స్ట్రెచర్ వస్తుంది. ఇద్దరు చదును కర్రలతో ట్రాక్ మీద రవ్వను సర్దేస్తారు, ఎందుకంటే తర్వాతి రేసు ఉంది, టికెట్ కొన్న జనం ఉన్నారు.

ఇది కథకుడి ఊహ అనుకోవద్దు. న్యూక్రాస్ జట్టుకే ఆడిన టామ్ ఫార్న్‌డన్, అప్పటికి దేశంలోకెల్లా పేరున్న రైడర్లలో ఒకడు, 1935 ఆగస్టు 28న, బుధవారం రాత్రి, ఇదే ట్రాక్ మీద పడ్డాడు. ముందు వెళ్తున్న సహచరుడు రాన్ జాన్సన్ పడిపోతే, తప్పించుకునే చోటు లేక ఆ బండికి గుద్దుకున్నాడు. మర్నాడు వెంబ్లీలో పెద్ద పోటీ ఉంది, అందులో గెలుస్తాడని జనం నమ్మకం. రెండు రోజులకు ఆస్పత్రిలో పోయాడు. ఇరవై నాలుగేళ్లు.

సినిమాలో బిల్ మారేది లాగ్ పడిన తర్వాతే. స్టేడియం నిండితే వచ్చే డబ్బు ఎవరిది, కాలు విరిగినవాడి ఇంట్లో పొయ్యి వెలిగించేది ఎవరు అని అడగడం మొదలుపెడతాడు. రైడర్లకు సంఘం కావాలంటాడు. మేనేజర్ రౌటన్‌గా సిడ్ జేమ్స్ ఎదురుగా ఉంటాడు. మామూలు సినిమాలో ఇక్కడ హీరో గెలుపు కోసం ఇంకో రేసు పెడతారు. జాక్ లీ మాత్రం ఒక కూలి మనిషి పద్దు విప్పుతాడు. ఫ్యాక్టరీలో సంఘం ఉంటుందని తెలిసిన కుర్రాడు, పూలదండల మధ్య తానూ కూలివాణ్నేనని గుర్తుపట్టడం ఇందులో అసలు కథ. కథలో ప్రేమ ఉంది: బిల్ పెళ్లాడేది లాగ్ చెల్లెలు పాట్‌ను, రెనీ ఆషర్సన్ ఆ పాత్రలో ఉంది. తన తోడబుట్టినవాణ్ని ఈ ట్రాక్ ఏం చేసిందో చూసిన మనిషి, భర్త కూడా అదే ట్రాక్ ఎక్కుతుంటే కంటికి కునుకు ఎలా వస్తుంది? ఆమె అడ్డుపడటాన్ని కొందరు సాధింపుగా చూస్తారు. నాకు మాత్రం సినిమా మొత్తంలో కళ్లు తెరుచుకుని ఉన్నది ఆమె ఒక్కతే అనిపిస్తుంది. ఆ తర్వాత యుద్ధం వస్తుంది, ట్రాకులు మూతపడతాయి, కుర్రాళ్లు సైన్యంలోకి వెళ్తారు, తిరిగొచ్చినవాడికి ఇల్లా, ట్రాకా అనే తగువు మళ్లీ మొదటికొస్తుంది.

షూటింగ్ జరిగిన 1948లో న్యూక్రాస్ జట్టే నేషనల్ లీగ్ గెలిచింది. సారథి రాన్ జాన్సన్, పదమూడేళ్ల కిందట ఫార్న్‌డన్ ముందు పడిన ఆ జాన్సనే. 1949 మొదట్లో సినిమా విడుదలైంది. అదే ఏడాది ఆగస్టులో వింబుల్డన్ ట్రాక్ మీద జాన్సన్ పడ్డాడు. పుర్రె పగిలింది. బతికి బయటపడ్డాడు, మళ్లీ బండి కూడా ఎక్కాడు. కానీ జట్టును గెలిపించిన ఆ పాత జాన్సన్ మాత్రం తిరిగి రాలేదు.