రాజా దీన్‌దయాళ్ చిత్రశాల

మన సంఘీయ యువకులలోఁ గొందఱు ఛాయాచిత్రణమును జీవనాధారముగాఁ గైకొనుచున్నారు. వారి కొఱకు రాజా దీన్‌దయాళ్ గారి వృత్తాంతమును సంగ్రహముగాఁ దెల్పుచున్నాము.

ఆయన 1844లో మీరటు చెంతనున్న సర్ధనాలో జైనకుటుంబమునఁ బుట్టి, రూర్కీ కళాశాలలో నిర్మాణవిద్య నభ్యసించి, ఇండోరున మరామత్తుశాఖలోఁ గొలువు చేసెను. 1874 ప్రాంతమునఁ గెమేరాఁ జేపట్టెను. జీతముతో నిల్లు గడచుచుండఁగా విద్య పెరిగెను. చేయి తిరిగి పేరు వచ్చిన పిమ్మటనే కొలువును విడిచెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆదరము నంది సికింద్రాబాదునఁ జిత్రశాలను నిలిపెను. ఘోషాస్త్రీలకై 1892లో హైదరాబాదున వేఱొక శాల నేర్పఱచి, దాని నొక ఆంగ్లవనిత కప్పగించెను. 1896లో బొంబాయియందును శాఖ వెలసెను. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ తండ్రికి వ్యాపారమునఁ దోడైరి. 1905లో ఆయన గతించినను చిత్రశాల గాజుపలకలు నశింపలేదు. వానిలో 2,857 పలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకుఁ జేరెను.

దాతలకు మా మనవి యొక్కటే. కెమేరాకు మూల్యమిచ్చుట సులభము. పని నేర్చునన్నాళ్లును ఇల్లు గడచుటకు భృతి నొసంగుఁడు. దీన్‌దయాళ్ గారికి జీతము చేసిన మేలును మన బిడ్డలకు సంఘము చేయవలెను.